కంచె అవతలి జైతూన్ చెట్లు

— తాతా, ఇందాక ఫోన్ల ఎవరితోని మాట్లాడినవ్? అరబ్బీ లెక్కనే ఇనవడ్డది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఏడ్చినవ్ గూడ.

ఏడ్చిన్నా? ఆఁ... ఏడ్చే ఉంట తీయ్. కూసో బిడ్డా. గా కుర్చి జర ఇటు జరుపుకో, ఎండ మొకం మీద పడుతుంది. ఫోన్ల గిది రికార్డు అయితుందా? కానీ తీ, నాకేం సిగ్గు.

గామె పేరు హనాన్. అబూ సలీం బిడ్డ. అబూ సలీం అంటే నా దోస్తు, పాలస్తీనాయన, తాపీమేస్త్రి. మొన్న బేస్తారం నాడు పాణం పోయిందట. గది చెప్పెతందుకే చేసింది పిల్ల. చెప్పి, "కాకా, మా చేను ఎట్లుంటది? నేను చిన్నప్పుడు ఒక్కసారి పోయిన్నట, నాకు యాదిలేదు. రాజయ్య కాకను అడుగు, ఆయనైతే ఉన్నదున్నట్టు చెప్తడని మా బాపు అంటుండె" అన్నది. గా మాట ఇనంగనే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఎందుకంటే బిడ్డా, నేను ఆయనకు ఒకసారి అవద్ధం చెప్పిన. మామూలు అవద్ధం గాదు.

మొదలు సంది చెప్తా ఆగు.

నేను ముందుగాల సౌదీల పన్నెండేండ్లు చేసిన గదా, గాడనే అరబ్బీ వచ్చింది. బడికి పోయి నేర్చింది గాదు, ఇటుకలు మోసుకుంట నేర్చింది. మర్లొచ్చి చొప్పదండి దిక్కు గా రెండెకరాలు పట్టుకొని ఎవుసం చేసిన. బాయి ఎండిపాయె. మీ బాపు అప్పుడు పదో తరగతి... కాదు కాదు, ఇంటర్ల ఉండె. గప్పుడు ఒక ఏజెంటు వచ్చి, ఇజ్రాయిల్ల ముసలోళ్లను చూసుకునే పని ఉన్నదన్నడు. మన దిక్కోళ్లు చానమంది పోయిండ్రు గా పనికి. మీ నాయినమ్మ వద్దన్నది. "మొగోనివి, ఇంకోని ముడ్డి కడుగుతవా?" అన్నది, గట్లనే అన్నది! కొండగట్టు అంజన్న కాడ ముడుపు కట్టి ఇగ తోలిచ్చింది.

నేను చూసుకున్న ముసలాయన బగ్దాద్ల పుట్టినాయన. యూదులాయన. పిల్లగానప్పుడే గాడికెళ్లి ఎల్లగొడితే ఇజ్రాయిల్‌కు వచ్చిండ్రట ఇంటిల్లిపాది. సావు దగ్గరవడ్డంక మల్ల అరబ్బీనే మాట్లాడుతుండె, ఇంకో భాష మతికి రాకుండె. అందుకే నన్ను పెట్టుకున్నరు. మంచోడే. కోపం ఎక్కువ, గని మంచోడే. ఆయన కాళ్లు పడిపోతే, చక్రాల కుర్చి ఎక్కెతందుకు మెట్ల పక్క ఏటవాలు తొవ్వ కట్టియ్యాలెనని మేస్త్రిని పిలిచిండ్రు. గా మేస్త్రే అబూ సలీం.

ఆయన పొద్దుగాల ఏడుకు పనిల ఉండాలె. గని ఇంట్ల కోడి కూయకముందే ఎల్లేటోడు. వాళ్ల ఊరు ఇజ్రాయిలోళ్లు కట్టిన కంచె అవతల. గా కంచెకు గేటు ఉంటది, సైనికులుంటరు, లైన్ల నిలవడాలె, కాయితం చూపియ్యాలె, చెయ్యి ముద్ర ఎయ్యాలె. పది మైళ్ల దూరం గూడ లేదు ఊరు. నాలుగు గంటలు పట్టేది. వచ్చి కూసోంగనే నిద్రవోయేటోడు, ఛాయ్ గిలాస చేతిలనే ఉండేది. నేను లేపేటోణ్ణి గాదు.

మెల్లమెల్లగ సోపతి అయ్యింది. నా సౌదీ అరబ్బీ ఇని నవ్వేటోడు. "ఒంటెలతోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్ రాజయ్యా" అనేటోడు.

ఒకనాడు చేను ముచ్చట వచ్చింది. వాళ్ల తాతల నాటి చేనట, నలభై జైతూన్ చెట్లు. జైతూన్ అంటే మీరు ఆలివ్ అంటరు సూడు, కాయ మన రేనిపండంత ఉంటది, ఇప్ప పలుకు లెక్క నూనె దీస్తరు. కంచె కట్టినప్పుడు ఏమైందంటే, ఊరు అటు పడ్డది, చేను ఇటు పడ్డది. అర్థమైందా? ఇల్లు ఒక దిక్కు, చెల్క ఒక దిక్కు, నడుమ కంచె. సొంత చేనుకు పోవాల్నంటే కాయితం కావాలె. గా ఏడు కాయితం ఇయ్యలే. ఎందుకియ్యలే అంటే ఎందుకో చెప్పరు.

"మరి పనికైతే ఇటు వస్తున్నవ్ గదా, గట్లనే ఇటు నుంచి చేనుకు పోరాదా?" అన్న.

"పని కాయితం ఏరే, చేను కాయితం ఏరే. పనికి వచ్చినోడు చేన్ల దొరికిండంటే రెండు గుంజుకుంటరు. ఇంట్ల ఆరుగురం తినాలె" అన్నడు.

ఇంకోళ్ల ఇండ్లు కట్టెతందుకు కాయితం ఇచ్చిండ్రు, సొంత చెట్టు ముట్టెతందుకు ఇయ్యలే. నేను తెలివి తక్కువోణ్ణి, ఓదార్చుదామని మన ముచ్చట తీసిన. మన పాత ఊరు ప్రాజెక్టు కింద మునిగింది గదా, నా పెండ్లయిన కొత్తల. "మాది సుత పోయింది అబూ సలీం, నాకెరుకే గా బాధ" అన్న.

ఆయన కోపం చెయ్యలే. అడిగిండు. "ముందుగాల చెప్పిండ్రా మీకు?"

"చెప్పిండ్రు. పైసలు ఇచ్చిండ్రు, తక్కువిచ్చిండ్రు గని ఇచ్చిండ్రు. ఏరే కాడ జాగ ఇచ్చిండ్రు."

"గా నీళ్లు ఎవరికన్న పారినయా?"

"కింది ఊర్లకు పారినయ్. రెండు పంటలు తీస్తుండ్రు."

"అయితే మీ బాధ మీదే, చిన్నదని అనను. గని మా కంచె ఎవ్వల మడికి నీళ్లియ్యలే రాజయ్యా" అన్నడు.

గప్పుడే నాకు ఒకటి ఎరుకైంది. గా చేను ఉన్న జాగకు నేను పోవచ్చు! నేను పరదేశోణ్ణి, నా పాసుపోర్టు చూపిస్తే ఎవ్వలడ్డం చెప్పరు. చొప్పదండి రాజయ్య పోవచ్చు, చేను గల్లాయన పోరాదు. నమ్ముతవా? నేను సుత నమ్మలే ముందు.

నాకు శుక్రారం సుట్టి. బస్సుల పోయి, దిగి, తొవ్వ పొంటి గంటసేపు నడిచిన. అబూ సలీం వాళ్ల ఇంటి మిద్దె మీద నిలవడ్డడు, ఆడికెళ్లి ఫోన్ల తొవ్వ చెప్తుండు. "కుడి దిక్కు రాళ్ల గెట్టు కనవడ్డదా? అదే మాది." నేను రుమాలు ఊపిన, ఆయన దూరంకెళ్లి చెయ్యి ఊపిండు. చీమంత కనవడ్డడు.

మీది వరుసలు మిద్దె మీదికెళ్లి కనవడుతయ్. కింది వరుస దిగువకుంటది, కనవడది. "కింది వరుస చూడు, గవి మా బాపు పెట్టినయ్" అన్నడు. నేను దిగి చూసిన. పదకొండు మొద్దులు. రంపంతోని కోసిండ్రు, మోకాలెత్తు కాడికి. కొమ్మలు గాడనే ఎండి పడున్నయ్, ఆకులు సుత రాలలే ఇంకా. ఎవరు కోసిండ్రో నేను చూడలే, చూడంది నేను చెప్పను. గని కోసిండ్రు.

"ఎట్లున్నయ్ రాజయ్యా?"

అవతల ఆయన పెండ్లాం గొంతు ఇనవడుతుంది, పిల్లలు ఇనవడుతుండ్రు, అందరు ఫోన్ చుట్టు నిలవడ్డరు.

"మంచిగున్నయ్" అన్న. "కాపు మస్తున్నది."

అవతల ఆడోళ్లు నవ్విండ్రు బిడ్డా. దేవునికి దండాలు పెట్టుకున్నరు. నేను మొద్దు మీద కూసొని ఇంకింత చెప్పిన. కొమ్మలు వంగినయన్న. కాయ నల్లవడుతుందన్న. ఒక్కపారి మొదలువెట్టినంక ఆగలే నోరు.

నేను ఏమనుకున్న? ఆయనకు కాయితం రాదు, ఎన్నడు చూడడు, ఎందుకు పాణం నొప్పిచ్చుడు అనుకున్న.

పదిహేను రోజులకు కాయితం వచ్చింది. ఒక్కనాటికి ఇచ్చిండ్రు. పోయిండు. చూసిండు.

తర్వాత మా బిల్డింగులనే కింది ఇంట్ల పని చేస్తుండె, గని మీదికి రాలే. ఛాయ్ కాసిపెట్టిన, రాలే. నాలుగు రోజులు. అయిదో రోజు నేనే దిగిపోయిన. సిమెంటు కలుపుతుండు, తల ఎత్తలే.

"తప్పయింది అబూ సలీం" అన్న.

"ఎందుకు చెప్పినవ్ గట్ల?"

"నీ పాణం బాధపడుతదని."

తాపి కిందవెట్టిండు. ఒర్రలే, మెల్లగనే అన్నడు. "నా చేను గురించి అందరు నాకే చెప్తరు రాజయ్యా. కాయితంల బంజరని రాసిండ్రు. ఎవ్వలు దున్నుతలేరని రాసిండ్రు. దున్ననియ్యనోళ్లే రాసిండ్రు. నువ్వొక్కనివే కండ్లతోని చూసి వచ్చినోనివి. నువ్వు సుత అవద్ధం చెప్తే ఇగ నేనెవ్వలను అడగాలె?"

నేను సిమెంటు సంచి మీద కూసున్న. మీ నాయినమ్మ పోయినప్పుడు ఏడ్చిన, గప్పుడు ఏడ్చిన. ఆయనే వచ్చి భుజం మీద చెయ్యేసిండు. సిమెంటు చెయ్యి, అంగి మీద అచ్చు పడ్డది. "మల్ల పోతవా?" అని అడిగిండు. "పోయి ఉన్నదున్నట్టు చెప్తవా?"

గప్పటి సంది నెలకు రెండు శుక్రారాలు పోయిన. ఆన పడ్డా పోయిన. ఒక్కో చెట్టు కాడ నిలవడి చెప్పేది. గిది మంచిగున్నది. దీని కొమ్మ ఇరిగింది. గెట్టు రాళ్లు పడిపోయినయ్. ఎవరో చెత్త పారవోసిండ్రు. చెడ్డది చెప్పినా ఆయన "ఇంకా?" అనేటోడు. నేను ఇంకా చెప్పేది. మల్లేడు చలి పోయినంక, నరికిన మొద్దులకు పక్కకెళ్లి చిగురు వచ్చింది. నేను చెప్తే నమ్మలే.

"నిజమేనా?"

"మా అవ్వ మీద ఒట్టు. బొటనవేలంత చిగురు. ఏడు మొద్దులకు వచ్చింది. నాలుగిటికి రాలే."

నాలుగిటికి రాలే అని చెప్పినంకనే నమ్మిండు.

గా ఏడు కాయ తెంపే రోజులల్ల ఆయనకు రెండు దినాల కాయితం ఇచ్చిండ్రు. ఆయనొక్కనికే. పెండ్లానికి ఇయ్యలే, కొడుకులకు ఇయ్యలే. ఇరవై తొమ్మిది చెట్లు ఒక్కడు రెండు దినాలల్ల ఎట్ల తెంపుతడు? నేను ముసలాయనను సుట్టి అడిగిన. ఎందుకన్నడు. దోస్తు చేన్ల పనున్నదన్న. ఎవరు, ఎక్కడ అని అన్ని అడిగిండు. నేను చెప్పిన, ఇగ దాసుడు బందు చేసిన గదా. కిటికీ దిక్కు తిరిగిండు. "మా ఇంటి ముంగట ఖర్జూర చెట్టుండె బగ్దాద్ల" అన్నడు. గంతే. ఆయన బిడ్డకు ఫోన్ చేసి, రెండు దినాలు తనను చూసుకొమ్మన్నడు.

గా రెండు దినాలు, ఏం చెప్పాలె బిడ్డా. చెట్టు కింద పర్దాలు పరిచి, పిల్లల నెత్తి దువ్వినట్టు కొమ్మలు దువ్వుతరు, కాయలు టపటప రాలుతయ్. నాకు చాతగాకపోతుండె. "బర్రెను పిండుతున్నవా ఏంది?" అని నవ్వేటోడు. పగటీలి రొట్టె, నూనె, ఉల్లిగడ్డ. చిగురు వచ్చిన మొద్దుల కాడికి తోల్కపోయిన. మోకాళ్ల మీద కూసొని ఒక్కొక్కటి ముట్టుకున్నడు. రానియి గూడ ముట్టుకున్నడు.

గేటు పొద్దుగాల ఒక్కపారి, పగటీలి ఒక్కపారి, పొద్దుమీకేటాల్లకు ఒక్కపారి తెరుస్తరు. రెండోనాడు ఇంకా అయిదు చెట్లు ఉన్నయ్ అనంగ సైనికుల జీపు వచ్చి హారన్ కొట్టింది. కొట్టుడే కొట్టుడు. అబూ సలీం నిచ్చెన దిగిండు. సంచులు గేటు కాడికి ఇద్దరం మోసినం. సైనికుడు పిల్లగాడే, మీ తమ్మునంత ఉంటడు. నన్ను చూసి నువ్వెవరన్నడు. పాసుపోర్టు చూపిన. "నువ్వు ఉంటే ఉండు" అన్నడు. అబూ సలీంను మాత్రం చెయ్యి ఊపి దాటుమన్నడు.

దాటిండు. తాళం ఏసిండ్రు. నేను ఇవతల నిలవడ్డ.

ఎవడ్ని బిడ్డా నేను? ఎక్కడి చొప్పదండి, ఎక్కడి జైతూన్. గా మట్టి నాది గాదు, నా తాతది గాదు. నేను చేన్ల నిలవడ్డ. తాతలు పెట్టిన చెట్లు గల్లాయన కంచె పట్టుకొని అవతల నిలవడ్డడు.

"మిగిలిన అయిదు చెట్లు నువ్వు తెంపు రాజయ్యా, కాయ నేలపాలు కావద్దు" అని ఒర్రి చెప్పిండు. చీకటి పడేదాక తెంపిన. ఆయనే తెంపుమన్నడు, అయినా దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. ప్రతి కొమ్మకు గట్లనే అనిపించింది.

తర్వాతి ఏడు నా వీసా అయిపోయింది, వచ్చేసిన. గా గేటు రెండు మూడేండ్ల సంది కాయ తెంపేతందుకు సుత తెరుస్తలేరట, హనాన్ చెప్పింది. ఆఖరి రోజులల్ల అబూ సలీం మిద్దె మీద కుర్చి ఏసుకొని అటే చూసుకుంట కూసునేటోడట. ఇప్పుడు ఎన్ని చెట్లున్నయో ఆ పిల్లకు ఎరుక లేదు, నాకు ఎరుక లేదు. ఎరుక లేదనే చెప్పిన.

ఆఁ... బంద్ చేయ్ బిడ్డా గా ఫోన్. గొంతు ఎండింది, జర నీళ్లు తెచ్చియ్. కాదు, ఆగు, ఇటు రా, తల వంచు. నీ కాలు పెట్టిన జాగల నువ్వెవరని అడిగెటోడు లేకుండ బతుకు. నీకు జాగ దొరికిన కాడ, గది ఎవ్వలదో అడిగే బుద్ధి గూడ ఉండాలె నీకు. సల్లగుండు. ఇంకేం చెప్త... నీళ్లు తేపో.