మోట దించే ముందు

వానకు నానిన మోటబావి ఒడ్డు కూలి, దొర, ఆయన జీతగాడు లోపల పడ్డారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

“నా చెయ్యి విరిగిందిరా. నువ్వే ఎక్కు.”

“మీ భుజం మీద కాలు పెట్టాలె దొరా.”

“పెట్టు. పైకి పోయి మోట దించకపోతే?”

“మీరెక్కితే నాకు దించుతుంటిరా?”

“నీళ్లు పెరుగుతానయ్, ఎక్కురా!”

కాసేపటికి ఒడ్డు మీద నుంచి గొంతు వినిపించింది.

“ఎడ్లను కట్టిన దొరా. మోట దించుత, అండ్ల కూసోండ్రి, ఎడ్లు గుంజుతయ్.”

“జల్ది దించు!”

“సంఘంల చేరిండని మా అన్నను మీరే సంపిచ్చిండ్రు. అయినా మీ వాకిట్లనే ఉన్న. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువుండ్రి, దించుత.”



“మీ అన్న పేరు యాదికున్నది... నీ పేరేందిరా?”