మూసేసిన వంటింటి వాకిలి

"అవ్వా, ఇల్లు బాగుచేపిస్తాండాం గదా, ముందు తలుపుకు టేకే ఏపిద్దామా? ఇదో, ఈ బొమ్మల పుస్తకంలో నీకేది నచ్చిందో చెప్పు. కింద మొజాయిక్ బాగుంటదా, బండలు బాగుంటాయా?"

ముందు తలుపా? అదే అడగతావని నాకు తెలుసు. ఇల్లు బాగుచేపిస్తామనే ప్రతోళ్ళూ ముందు తలుపు కాడే మొదలుపెడతారు. పక్కకు పెట్టు తల్లీ ఆ పుస్తకం, అద్దాలు లేకుండా నాకేం కనపడతాయి ఆ బొమ్మలు. ఏందది, టేపురికార్డరా? మాట్లాడేదంతా పడతదా దాంట్లో? పడనీ. మీ నాయన వింటాడు, మీ చిన్నాయన వింటాడు. విననీ, నాకేం భయం.

మన ఇంటి ముందర ఆ పెద్ద తలుపు ఉంది గదా, చిలకలు చెక్కిన తలుపు. నువ్వు చిన్నప్పుడు దాని ఇత్తడి బొడిపెలు పట్టుకొని ఊగులాడేదానివి. వచ్చినోళ్ళంతా అబ్బ ఏం తలుపు, ఏం పని అంటారు. మొన్నొకాయన ఫొటో గూడా తీసుకొని పోయినాడు. నాకైతే దాన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతది. గొడ్డలి తీసుకొని నరికి పొయ్యిలో పెట్టాలనిపిస్తది. నవ్వబాక. నేను నవ్వులాటకు చెప్పడంలా.

అప్పుడు తెల్లోళ్ళ కాలం. మనదంతా కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. నాకు పదారో పదేడో ఉంటాయి, కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కూడా... కాదు, అయింది, మా చెల్లెలి పెండ్లి కూడా అయిపోయింది అప్పటికి. అదే, పుల్లలచెరువులో ఇచ్చినామే, దాని పెండ్లి. ఆ ఊళ్ళో నీళ్ళ కోసం అది పడిన పాట్లు ఇంకో కథలే. సరే. మా మామ, అంటే మీ ముత్తాత, ఊళ్ళో పెద్ద రైతు. చెడ్డోడని నేను అనను. పని చేసేవాడు, పెట్టేవాడు. కానీ ఆయన కంటికి ముందర ఉండేదే కనపడేది, ఇంట్లో వెనకపక్క ఏముందో ఎవరున్నారో ఆయనకు పట్టదు.

ఆ ఏడు పత్తి బాగా పండింది. బండ్లు కట్టుకొని మార్కాపురం తోలుకపోయినాడు. అక్కడ పత్తి కొనే శెట్టిగారి ఇంటి వాకిలి చూసినాడు. అంతే, అయిపోయింది. ఆ రోజు నుంచీ అన్నం తింటా వాకిలి మాటే, చుట్ట కాలుస్తా వాకిలి మాటే. శెట్టికి ఉండేది, రైతుకు ఎందుకు ఉండకూడదు అంటాడు. ఎవరు ఉండొద్దన్నారు?

టేకు గిద్దలూరు నుంచి తెచ్చినారు. నల్లమల టేకు. ఫారెస్టోళ్ళ చీటీ ఉంటే గానీ కట్టె కదలదు ఆ కాలంలో, దానికోసం ఎన్నిసార్లు తిరిగినాడో. ఇంటి ముందర కొత్తగా కట్టే పంచలోకి నాపబండలు, నున్నగా నల్లగా, బండ్ల మీద గడ్డి పరిచి తెచ్చినారు, పెండ్లికూతుర్ని తెచ్చినట్టు. ఎంత పెట్టి కొన్నారంటావేమో, నన్నడగబాక. ధరలు ఆడోళ్ళకు చెప్పేవాళ్ళు కాదు. రుద్ది తుడిచేది మాత్రం ఆడోళ్ళకే చెప్పేవాళ్ళు.

వడ్రంగం ఆచారి వచ్చి మన ఇంట్లోనే తిని పని చేసినాడు. ద్వారబంధానికి మామిడాకుల తోరణం చెక్కినాడు, రెక్కలకు చిలకలు, నడుమ తామరపూలు. పని మంచిదే, కాదనను. మా మామ పంచలో కూచొని దారిన పోయేవాళ్ళను పిలిచేది, రా బావా, తట్టి చూడు, మోగుతదా లేదా చూడు అనేది. వాళ్ళు తట్టేది, ఆయన మీసం దువ్వుకునేది. పొద్దుగూకులూ ఇదే పని.

ఇంక లోపలికి రా. మట్టి మిద్దె, నీకు తెలుసు గదా. లోపల నట్టిల్లు, దాని వెనక వంటిల్లు. వంటింటికి కిటికీ లేదు. పైన మిద్దెకు గవాక్షి, జానెడు రంధ్రం, వానొస్తే దాన్ని కూడా బండతో మూసేది. నట్టింట్లోంచి వచ్చే వాకిలి గాక, ఆ వంటింటికి ఉన్నదల్లా పెరట్లోకి పోయే వాకిలి ఒకటే. గాలొచ్చినా దాంట్లోంచే, వెలుతురొచ్చినా దాంట్లోంచే. పొయ్యిలోకి ఏం పెడతాం, కంది కట్టె, పత్తి కట్టె, పిడకలు. పచ్చిదుంటే పొగ చెప్పే పని లేదు. మా అత్త తెల్లవారక ముందే ఆ పొయ్యి కాడ కూచునేది. జొన్నరొట్టెలు తట్టీ తట్టీ, ఊదీ ఊదీ, కండ్లు ఎప్పుడూ ఎర్రగా, కారతా ఉండేవి. నందివర్ధనం పూలు కండ్ల మీద పెట్టుకొని కాసేపు పండుకునేది. మళ్ళీ లేచి పొయ్యి కాడికే. ముసలిది కాదమ్మా, మీ అమ్మంత ఉంటది అప్పటికి.

ఆచారి పనిలో ఉన్నప్పుడు నేను తలుపు చాటు నుంచి అడిగినా. ఆచారీ, ఇంత కట్టె మిగిలింది గదా, వంటింటికి చిన్న కిటికీ ఒకటి చేయవా అని. ఆయన నవ్వినాడు. పొయ్యి కాడికి గాలెందుకమ్మా, మంట నిలవదు, అన్నాడు. మంట సంగతి పొయ్యి కాడ కూచునేవాళ్ళకు తెలియదా? ఆయనకు తెలుసంట!

కిటికీ రాకపోతే పోయింది, ఉన్నది ఊడింది. అది చెప్తా విను. మన వైపు ఏ ఇంటికైనా వాకిండ్లు సరి లెక్కన ఉండాల, బేసి ఉంటే ఇంటికి కీడు అంటారు. ఇప్పటికీ అంటారు. మన ఇంటికి ముందు నుంచీ ఆరు. కొత్తగా పంచ కట్టి దానికి ఈ చిలకల తలుపు పెట్టేసరికి ఏడైనాయి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టడానికి వచ్చిన అయ్యోరు వేళ్ళు మడిచి లెక్క చూసి, ఒకటి తగ్గించండి, లేదా ఒకటి పెంచండి అన్నాడు. పెంచండి అని కూడా అన్నాడు, నేను నట్టింట్లో నిలబడి నా చెవులతో విన్నా. ఒక్క మాటతో పోయేది. వంటింటికే ఇంకో వాకిలి పెట్టించి ఉంటే లెక్కా సరిపోయేది, ఆమె కండ్లూ నిలిచేవి. టేకు అయిపోయింది, తగ్గిద్దాం అన్నాడు మా మామ.

ఏది తగ్గించాల? దేవుడి గదిది ముట్టకూడదు. ధాన్యం కొట్టుది కావాల. నట్టింటిది పాత ముందువాకిలి, అది ఉండాల. నట్టింట్లోంచి వంటింట్లోకి పోయేది మూస్తే పొయ్యి కాడికే దారి లేదు. ఎద్దులు పోయే వాకిలి? అయ్యో, ఎద్దులు యాడికి పోతాయి, వాటికి ఇరుకైతది అన్నారు. ఇంకేముంది మిగిలింది? వంటింటి వెనక వాకిలి. ఆడోళ్ళే గదా, చుట్టూ తిరిగి పోతారులే అన్నారు. చూసినావా? ఎద్దుకు వాకిలి కావాల. మా అత్తకు అక్కర్లేదు.

మీ తాత అక్కడే ఉన్నాడు. ఆయన తల్లి ఆమె. గోరు గిల్లుకుంటా నేల చూస్తా నిలబడినాడు. ఆ ఫొటోకు నువ్వు రోజూ దండ వేస్తావు, వెయ్, మంచోడే. కానీ ఆ పూట మాట్లాడలేదు. నేను మరిచిపోలేదు, ఆయన పోయినాక గూడా మరిచిపోలేదు.

ఒక్క పూటలో మూసేసినారు. తలుపు రెక్క పీకి అటక మీద పడేసినారు. గడపరాయి పీకితే గోడ దిగుతదని దాన్ని వదిలేసి, దాని మీదనే రాళ్ళూ బంకమన్నూ పెట్టి కట్టేసినారు. మా అత్త పొయ్యి కాడ కూచొని రొట్టె తడతానే ఉంది. వెలుతురు కొంచెం కొంచెంగా తగ్గుతా వచ్చి, పూర్తిగా పోయింది. ఆమె రొట్టె పెనం మీదేసి, దీపం ముట్టించు మే సుబ్బులూ అన్నది నాతో. పట్టపగలు.

ఇంక చూడు మా బతుకు. నీళ్ళ కడవ పెరట్లోంచి తేవాలంటే ఇల్లంతా చుట్టి, ఆ పంచలో బండల మీద నడిచి, ఆ చిలకల తలుపులోంచి రావాల. బండల మీద తడి కాళ్ళ గుర్తులు పడితే మా మామ అరిచేది. నెలనెలా బయట చేరినప్పుడు మేము ముందు వాకిలి దాటకూడదు గదా, ఎద్దుల వాకిట్లోంచి పేడలో నడిచి పోయేది. పంచలో నాపబండలు మెరిసిపోతాండాయి, వంటిల్లు మాత్రం అదే మట్టి నేల, ఆ చీకట్లో అలికితే ఎక్కడ అలికినామో ఎక్కడ అలకలేదో తెలిసేది కాదు. పైగా ఆ టేకు తలుపు ఎండకు పగలకుండా ఆముదం పట్టించాల. ఎవరు పట్టించాల? మా అత్తే. గుడ్డ ముంచి, ఆ చిలకల ముక్కుల్లో, తోరణం సందుల్లో వేలు పెట్టి తడిమి తడిమి రుద్దేది. నేను అనుకునేదాన్ని, ఎంత వాటంగా చేస్తాందో అని. తడుముతా ఉండేది ఎందుకో నాకు అర్థం కాలేదు.

వానలు పోయినాయి, చలి వచ్చింది. పచ్చి కట్టె పొగ ఆ గదిలోనే సుళ్ళు తిరిగేది. మా అత్త కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. చెంబు అందుకోబోయి పక్కన చెయ్యి పెట్టేది. ఒకనాడు పెనం మీద చెయ్యి పెట్టింది, అరచెయ్యి బొబ్బలెక్కింది. మా మామ ఏమన్నాడో తెలుసా? కండ్లు పెట్టుకొని పని చేయ్ అన్నాడు! చీకట్లో ఉండబట్టే కనపడంలా, వెలుతురొస్తే కనపడతది అనుకున్నా నేను. అదే నమ్మినా.

శివరాత్రికి మగోళ్ళంతా బండ్లు కట్టుకొని త్రిపురాంతకం తిరునాళ్ళకు పోయినారు. మా పుట్టింటి పక్కనే, నన్నూ రమ్మన్నారు. రానన్నా. వాళ్ళ బండ్లు ఊరు దాటినాయో లేదో కొట్టంలోంచి గడ్డపార తీసుకొని పెరట్లోకి పోయినా. చీర ఎగ్గట్టుకొని పొడిచినా. బంకమన్ను ఎండి రాయి మాదిరి ఉండె. చేతులు రక్తాలొచ్చినాయి. పక్కింటి అక్క గోడ మీంచి చూసి, ఏంది మే, పిచ్చి పట్టిందా అన్నది. పట్టింది, నువ్వూ రా అన్నా. రాలేదులే, ఆమె మొగుడు ఊళ్ళోనే ఉండె. మా అత్త లోపల నుంచి, వద్దు సుబ్బులూ, వద్దమ్మా, చంపుతాడు అంటానే ఉంది. ఒక రాయి ఊడింది. తర్వాత ఇంకోటి. సాయంత్రానికి మనిషి వంగి దూరేంత సందు చేసినా, మర్నాడు పొద్దున మిగిలింది కూడా తీసేసి గడపరాయి దాకా దించినా.

మధ్యాన్నానికి మగోళ్ళు వచ్చినారు. మా మామ చూసినాడు. ఆ అరుపు వీధంతా విన్నది. ఇల్లు బేసి చేసినావు, వంశానికి కీడు తెచ్చినావు, ఇప్పుడే మన్ను తొక్కించి మూపిస్తా అన్నాడు. మామ ఎదుట నిలబడి మాట్లాడేది లేదు మాకు, ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి చెప్పేది. ఆ రోజు నేను చాటుకు పోలేదు. కొంగు దోపుకొని ఎదురుగా నిలబడి, లెక్క సరిపోకపోతే మీ ముందు వాకిలి మూయించండి మామా, అదే గదా ఎక్కువైంది అన్నా.

ఆయన చెయ్యెత్తినాడు. మీ తాత అప్పుడు, అప్పుడన్నా, అడ్డం వచ్చినాడు. నాయనా వద్దు అన్నాడు. ఆయన ఆగలేదు, జీతగాణ్ణి పిలిచి మన్ను కలపరా అన్నాడు.

అప్పుడు మా అత్త లేచింది. గోడ తడుముకుంటా నడిచి వచ్చి గడప మీద కూచుంది. గడప మీద కూచోకూడదు గదా, చిన్నపిల్లల్ని గూడా కూచోనీయం, లక్ష్మి ఉండే చోటంటాం. ఆమె నడి గడప మీద కూచొని, కాళ్ళు పెరట్లోకి చాపుకొని, "నన్ను కలిపి కట్టమను ఆ గోడ" అన్నది. మొగుడి ముందర ఆమె గొంతు లేచింది అప్పుడే విన్నా. జీతగాడు పార పట్టుకొని నిలబడిపోయినాడు. మా మామ తిట్టినాడు, బెదిరించినాడు, లేయ్ అన్నాడు. ఆమె లేయలేదు. కడాకు ఆయనే పోయి పంచలో కూచున్నాడు. మూయలేదు ఇంక. ఏడు వాకిండ్లతోనే ఉంది ఇల్లు, ఏం మునిగింది? మీ నాయనా, మీ చిన్నాయనా, మీ అత్తా, అందరూ ఆ ఇంట్లోనే గదా పుట్టింది.

అందరూ తలా ఒక దిక్కు పోయినారు. పొద్దు వాలతాంది. పెరడు పడమటి పక్క గదా, ఎండ నేరుగా ఆమె మొఖం నిండా పడతాంది. ఆ ఎండకు నాకే కండ్లు చికిలిస్తాండాయి. ఆమె రెప్ప గూడా వాల్చడంలా. నేను పోయి పక్కన కూచున్నా. నా చెయ్యి పట్టుకొని, బొబ్బలు తడిమి చూసింది.

"గాలి బాగా వస్తాంది సుబ్బులూ," అన్నది. "వెలుతురు గూడా వచ్చిందా?"

వచ్చింది అత్తా అన్నా. ఇంకేం చెప్పాల? చాలా వచ్చింది అత్తా, ఇల్లంతా వచ్చింది అన్నా...

చాలు తల్లీ, ఆపు ఆ మిషను. నీకెందుకు ఏడుపు, ఏడిస్తే ఏమొస్తది. ఇట్ల దగ్గరికి రా. నీ కండ్లు చల్లగుండాల. నిండు నూరేండ్లు నీ కండ్లు చల్లగుండాల తల్లీ...