తోమిన పిస్తోలు

మిస్సోరీలో ఓ చిన్న ఊరు, శనివారం పొద్దున తుపాకుల సంత. “ధర చెబుతాం, డబ్బు తీసుకోం” అని అట్టముక్క మీద రాసిపెట్టుకుని కూర్చున్న ముసలి హార్లన్ స్ట్రౌడ్ ముందుకి, నాలుగు నెలల కింద పోయిన డ్వేన్ బీచమ్ భార్య లొరెట్టా బూట్లపెట్టె ఒకటి పట్టుకొచ్చింది.

“...నవ్వకు లొరెట్టా, నిజమే చెబుతున్నా. ముప్పైయేళ్లుగా ధరలు చెబుతున్నానా, మొన్న లెక్కేసుకుంటే సరిగ్గా చెప్పినవి నాలుగు తేలాయి. అందులో రెండు నేను అమ్మినవే.”

“మరి జనం నీ దగ్గరికే ఎందుకొస్తారు?”

“కాఫీ ఊరికే పోస్తానని. కూర్చో. డ్వేన్ పిస్తోలేనా?”

“ఆయనదే. మాజీ సైనికుల హాల్లో గాజుపెట్టెలో పెడతారట, వచ్చే శనివారం. కింద ఇత్తడి పలక మీద పేరు చెక్కిస్తారు. బీమాకి ధర కావాలన్నారు, నీ సంతకంతో.”

“గాజుపెట్టె. నేను పోతే అట్టపెట్టె దొరికినా గొప్పే. ఏదీ, ఇటివ్వు. ఖాళీయేగా? ఖాళీయే. చైనా సరుకు. దిగుమతి చేసిన కంపెనీ ముద్ర ఉందేమో చూడనీ... లేదు. అంటే కంపెనీలు తెప్పించింది కాదు. వియత్నాం నించి ఏ సిపాయి సంచీలోనో వచ్చిందే.”

“అయితే మంచిదేనా?”

“మంచిదే అయ్యుండేది. ఇలా వెలుగులో చూడు. అద్దంలా మెరుస్తోందా?”

“శుభ్రంగా ఉందిగా.”

“ఆ శుభ్రమే కొంప ముంచింది. పాత రంగు, గీతలు, మరకలు, వాటికే మా పాత తుపాకుల పిచ్చోళ్లు డబ్బులిచ్చేది. దీన్నెవడో తీగబ్రష్షు పెట్టి తోమేశాడు.”

“ఎవరయ్యుంటారు?”

“నాలాంటోడెవడో. నేనూ చేశాగా ఈ పని, డెబ్బైతొమ్మిదిలో. నాదీ ఇలాంటిదే, వియత్నాం నించి తెచ్చుకున్నది. మెరిపిస్తే పది డాలర్లు ఎక్కువొస్తాయని ఆదివారం పొద్దంతా తోమా. తాకట్టు కొట్టువాడు అరవై చేతిలో పెట్టాడు. తోమకపోయుంటే ఇవాళ నాలుగు వేలు. మా ఆవిడ ఇప్పటికీ నన్ను గిన్నెల జోలికి రానివ్వదు.”

“అరవైకి ఎందుకమ్మావు?”

“ట్రక్కుకి గేరుబాక్సు కావాల్సొచ్చి. మరుసటేడు ట్రక్కు కాలవలో పడింది. గేరుబాక్సు మాత్రం బాగా పనిచేసిందిలే, సరిగ్గా కాలవ దాకా తీసుకెళ్లింది.”

“దాంతోపాటు కాగితం ఇవ్వలేదా?”

“ఏ కాగితం?”

“అదే, శత్రువు దగ్గర పట్టుకున్న పిస్తోలు, ఇంటికి తీసుకెళ్లొచ్చు అని ఆఫీసరు సంతకం పెట్టిచ్చేది.”

“అదా. ఎక్కడో పోగొట్టా. కాగితం లేకపోతే మిగిలేది కథే. నా టోపీ మీద ఏం రాసుందో చదువు.”

“తుపాకీ కొను, కథ కొనకు.”

“అదీ సంగతి. ఈ సంతలో ప్రతి పిస్తోలూ ఏదో ఒక జనరల్ నడుముదే. అన్ని నడుములు ఆ జనరళ్లకి ఎక్కణ్ణించి వచ్చాయో.”

“మరి డ్వేన్ కథ? వాన, ఆరిపోయిన పొయ్యి, పక్కనే నిద్రపోతున్న ఆఫీసరు...”

“ఒక బూటు కాలికి, ఒక బూటు తలకింద.”

“నీకూ కంఠతా వచ్చే.”

“హాల్లో ఎన్నిసార్లు విన్నాను. చప్పట్లు కూడా కొట్టా. నాదీ అలాంటి కథే అనుకో, నేను మొదలుపెడితే జనం కాఫీకి లేచిపోయేవాళ్లు. డ్వేన్ చెబితే కుర్చీ కదిలేది కాదు.”

“డ్వేన్ వియత్నాంలో సైన్యం వంటశాలలో పనిచేశాడు, హార్లన్. ఏడాదంతా బంగాళదుంపలు చెక్కాడు.”

“వంటవాళ్లు అడవిలో నడవరా ఏంటి?”

“నడుస్తారంటావా?”

“నడుస్తారనే అంటా. సరే, తోమినదానికి, కాగితం లేనిదానికి ఆరొందలు న్యాయం. రాసేదా?”

“కాగితం ఉంటే?”

“పదిహేనొందలు. ఎందుకూ?”

“పెట్టెలో తోలు ఒర ఉందిగా, దాని పక్కన చిన్న జేబుంది చూడు.”

“రెండో తూటాల పెట్టె పెట్టుకునేది. ఉంటే ఏం?”

“మొన్న మంగళవారం బీరువా సర్దుతుంటే ఆ కాగితం అందులో దొరికింది. నాలుగు మడతలు.”

“ఈ జేబులోనా?”

“ఆ జేబులోనే.”

“ఈ జేబులో... నలభై ఆరేళ్లు ఇల్లంతా, కొట్టమంతా... అంటే, ఏమంటున్నానంటే, వెతకని చోటే ఉంటాయి ఈ కాగితాలు.”

“చదువు హార్లన్.”

“కళ్లజోడు బండిలో మర్చిపోయా.”

“నీ ముక్కు మీదే ఉంది.”

“ఇది దూరానికి.”

“నేను చదివా. దాని మీదున్నది నీ పేరు. నాలుగు రోజులుగా ముద్ద దిగట్లేదు. డ్వేన్ దీన్ని ఆ తాకట్టు కొట్లో కొనుంటాడు. పిస్తోలుకైతే డబ్బిచ్చాడు, కథ ఎవరి నోట్లోంచి తీసుకున్నాడు? సిగ్గుతో చస్తున్నా. వచ్చే శనివారం మనవడు కోల్టన్ వస్తున్నాడు, సైన్యంలో చేరాక మొదటిసారి, తాత పేరు చూడ్డానికి. పలక మీద ఏ పేరు చెక్కమంటావో నువ్వే చెప్పు. నీ పేరంటే నీ పేరే. వాడికి నేను చెప్పుకుంటా.”

“ఆ కలం ఇటివ్వు.”

“ఏం రాస్తున్నావు?”

“ధర చెప్పేవాణ్ణి తొందరపెట్టకూడదు. తొందరపడే గేరుబాక్సు కొన్నా.”

“ఆ కాగితం నీ చొక్కాజేబులో పెట్టుకున్నావేం?”

“ఏ కాగితం?”

“హార్లన్.”

“ఇదుగో, రాయడం అయింది, విను. ‘ధర ఆరొందలు. కాగితం లేదు. వియత్నాం నించి తెచ్చింది డ్వేన్ బీచమ్. తోమి పాడుచేసింది హార్లన్ స్ట్రౌడ్.’ పలక మీద రెండు పేర్లూ పడతాయేమో కనుక్కో.”