తొంభై రోజుల నోటితాళం

మే నెల ఎండకి కరెంటు కూడా సొమ్మసిల్లి పడిపోయింది. సరిగ్గా అప్పుడే, అరసవల్లి రోడ్డు మీద ప్రమోద్ నెట్ సెంటరులో కూర్చున్న శైలజ తన ఈ-బుక్కు వివరాలన్నీ నింపి, ఆఖరిగా మిగిలిన ఒక్క గడి దగ్గర ఆగి ఉంది.

శైలజ ఏఎన్నెమ్. పదకొండేళ్ళుగా వంశధార ఒడ్డు ఊళ్ళలో కాన్పులు చేయించి, ఆ ముచ్చట్లన్నీ ‘నీళ్ళాడిన ఊళ్ళు’ అని పుస్తకం రాసింది. ఇప్పుడు చిక్కంతా ఆ గడితోనే. టిక్కు పెడితే ఎక్స్‌క్లూజివ్. తొంభై రోజులపాటు ఆ పెద్ద కంపెనీ దగ్గర తప్ప ఈ-బుక్కు ఇంకెక్కడా అమ్మకూడదు. దానికి బదులుగా కంపెనీ పుస్తకాన్ని పదిమంది కళ్ళపడేలా పెడుతుంది, చదివిన ప్రతి పేజీకీ ఇంతని ఇస్తుంది. టిక్కు పెట్టకపోతే ఎన్ని అంగళ్ళలోనైనా పెట్టుకోవచ్చు. తోటి నర్సుల ఫోన్లలో ఉన్నదేమో తెలుగు పుస్తకాల చిన్న యాపు. వాళ్ళు ‘ఎప్పుడొస్తాది, ఎప్పుడొస్తాది’ అని ప్రాణం తీస్తున్నారు. రెండు రోజులుగా శైలజకి అన్నం సయించలేదు.

“కరెంటొచ్చేసరికి గంట పడతాది మేడమ్. ఎదురుగా టీ తాగి రండి” అన్నాడు ప్రమోద్.

ఎదురుగా లక్ష్మీనరసమ్మ టీ బడ్డీ. బెంచీ మీద ఆటో అసిరయ్య, వాడి పక్కన రిటైరయిన బస్సు కండక్టరు బంగారురాజు. ఆయన కూడా ‘ఇచ్చాపురం ఆఖరి బస్సు’ అని ఒక ఈ-బుక్కు రాశాడని శైలజ వినే ఉంది. దేవుడు కనిపించినట్టయింది.

“మావా, మీ పుస్తకం ఎక్స్‌క్లూజివ్ ఇచ్చేరా, అన్నిచోట్లా పెట్టేరా?”

బంగారురాజు టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే అసిరయ్య ఆ పూట బేరాలు వదులుకోవలసిందే.

“ఎక్స్‌క్లూజివ్వే ఇచ్చేనమ్మా. ఏదో సిన్న పుస్తకం, నాలుగు కాపీలు పోతాయనుకున్నాను. మొదట్రోజు నలభై పోనాయి.”

“నలభయ్యే!” అన్నాడు అసిరయ్య.

“పొద్దున్న నలభైరా. సాయంత్రానికి నాలుగేలు. ఆ తర్వాతేటయిందో తెలుసా? కంపెనీ మేనేజరు ఫోను. ‘రాజుగారూ, మీ పుస్తకం సదువుకుంటా మా ఆఫీసులో ఎవుళూ పని సెయ్యట్నేదు, ఏటి సెయ్యమంటారు’ అని. నానేటి సెప్తాను? ఆడే కారేసుకుని వచ్చీసినాడు, కాయితాలట్టుకుని. తొంభై రోజులు ఎక్కడా అమ్మకూడదు, అది సరే. నోటితో కూడా సెప్పకూడదన్నాడు!”

“ఇంట్లో కూడానా?” అంది లక్ష్మీనరసమ్మ, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

“అదే నా సావుకొచ్చింది. మా ఆవిడ అన్నం ఎడతా, ‘ఆ బస్సు వరదలో సిక్కుకుందన్నారు గదా, తేలిందా, ములిగిందా’ అనడిగింది. సెప్తే కాంట్రాక్టు పోతాది. సెప్పకపోతే కూర పోతాది. నానేటి సేసేను? గోంగూర ముద్ద నోట్లో కుక్కీసుకున్నాను. తొంభై రోజులూ గోంగూరే ఎట్టింది మహాతల్లి.”

శైలజ పకపకా నవ్వేసింది. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

“నవ్వకమ్మా, అసలుది ముందున్నాది. మద్దేనం కునుకులో నాను కలవరిస్తానని కంపెనీకి తెలిసిపోనాది. మంచానికి అటొకడు, ఇటొకడు, ఇద్దరు గార్డుల్ని ఎట్టేరు. నాను కలవరిస్తే ఒకడు నా నోరు మూస్తాడు, రెండోవాడు ఆడి సెవులు మూసుకుంటాడు. అంత కట్టుదిట్టం! కానీ జాంచెట్టు మీద సిలకని ఎవుళు సూసేరు? మూడ్రోజుల్లో మొదటి అధ్యాయం కామాల్తో సహా అప్పజెప్పీసింది.”

“ఓలమ్మా!”

“అక్కడితో ఆగితే బాగుణ్ణు. టెక్కలిలో రెండో అధ్యాయం, సోంపేటలో మూడోది. ఇచ్చాపురం దాటేక ఒడియాలో సెప్పడం మొదలెట్టీసింది.”

“సిలక్కి ఒడియా ఎవుళు నేర్పేరు మావా?”

“దాని అత్తోరిది బరంపురంరా!” అన్నాడు బంగారురాజు, ఇంత చిన్న విషయం తెలియనందుకు జాలిపడుతూ. “కంపెనీకి కోపమొచ్చీసింది. సిలక మీద కేసు. బోనెక్కించి ‘ఏటి సెప్పేవో సెప్పు’ అన్నారు. అది పుస్తకమంతా సెప్పీసింది, పదకొండు రోజులు. జడ్జీ ఏడుపు, ప్లీడర్లు ఏడుపు, బంట్రోతు ఏడుపు. ఆ కన్నీళ్ళకి మే నెల్లో నాగావళి మూడడుగులు పెరిగిందంటే నమ్మండి! ‘ఇలాటి పుస్తకం ఒకడి కాడే ఉండకూడదు, ఊరందరికీ ఇచ్చీండి’ అని తీర్పు. అంతే! మర్నాడు ముగ్గురు కంపెనీలోళ్ళు మా ఇంటికాడ. ఒకడు నా కాళ్ళట్టుకున్నాడు, రెండోవాడు మా ఆవిడ కాళ్ళట్టుకున్నాడు, మూడోవాడికి కాళ్ళు మిగల్నేదు, మంచం కోళ్ళట్టుకున్నాడు.”

బెంచీకి బెంచీ నవ్వుతో ఊగిపోయింది. శైలజ కళ్ళు తుడుచుకుంది గాని, ఆమె అడిగిన ప్రశ్న అలాగే ఉంది. కోతలు తీసేస్తే మనిషి మాత్రం ఆ దారి నడిచినవాడే కదా అనుకుంది.

“ఒక్క మాట నిజంగా సెప్పండి మావా. మా నర్సులు ఆ చిన్న యాపులోనే సదువుతారు. కంపెనీ ఏమో లోకమంతా చూపిస్తానంటన్నాది. నన్నేటి చెయ్యమంటారు?”

ఎవరూ ఆయన్ని అంత నమ్మకంగా ఏదీ అడిగి ఉండరు. బంగారురాజు ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ నోరు అలవాటుగా ముందుకు పోయింది.

“టిక్కెట్టీ అమ్మా. కళ్ళు మూసుకుని ఎట్టీ. నాను ఎట్టలేదేటి?”

శైలజ లేచింది. అప్పటికే ప్రమోద్ రోడ్డు దాటి వచ్చి, కరెంటొచ్చిందని చెప్పబోయి, ఆ ఆఖరి మాట విని నిలబడిపోయాడు.

“ఏటి మావా, ఆవిడ చేత టిక్కెట్టించేస్తన్నారా? మీ పుస్తకం ఎనిమిది నెలల బట్టీ ఆ గడి కాడే ఉన్నాది గదా! ప్రతి మంగళారం వస్తారు, టిక్కెడతారు, భయమేసి తీసేస్తారు. నా మౌసు అరిగిపోనాది గాని మీ బస్సు డిపో దాటనేదు.”

లక్ష్మీనరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అసిరయ్య బెంచీ మీంచి జారిపోయాడు. బంగారురాజు మెల్లగా గ్లాసు తీసి, అందులో టీ లేకపోయినా ఒక గుక్క తాగాడు.

“ఎవుళికీ ఇవ్వకపోడమే అసలైన ఎక్స్‌క్లూజివ్వురా” అన్నాడు.

శైలజకి మాత్రం నవ్వు రాలేదు. ఈయన ఎనిమిది నెలలు. తనకి అప్పుడే రెండు రోజులు. చరచరా రోడ్డు దాటి నెట్ సెంటరులో కూర్చుంది. లోకమంతా సంగతి తర్వాత, తన కోసం కాచుకున్నవాళ్ళు ముందు అనుకుంది. గడి ఖాళీగానే వదిలేసి ‘పబ్లిష్’ బటను నొక్కింది. నొక్కాక తిరిగి చూస్తే, గుమ్మంలో బంగారురాజు.

“ఎవుళూ సదవకపోతేనో?” అన్నాడు. ఆ గొంతులో కోతల్లేవు.

“సదవకపోతే సదవరు. ఇప్పుడు మాత్రం సదువుతన్నారేటి? కూకోండి మావా.”

కూర్చున్నాడు. ప్రమోద్ ఆయన పుస్తకం తెరిచాడు. బంగారురాజు చెయ్యి మళ్ళీ ఆ గడి మీదికే పోయి టిక్కు పెట్టేసరికి శైలజ మౌసు లాక్కుంది.

“టిక్కు తీసీనా?”

“తీసీ. నువ్వే నొక్కీ అమ్మా, నాను సూడలేను.” రెండు చేతుల్తో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. శైలజ నొక్కింది.

“ఎన్ని కాపీలు పోనాయిరా?” అన్నాడు బంగారురాజు, కళ్ళు తెరవకుండానే.

“చక్రం ఇంకా తిరుగుతానే ఉన్నాది మావా” అన్నాడు ప్రమోద్, తెర కేసి చూస్తూ.