ఒకేలా ఉన్నవన్నీ తీసేశాడట

హలో… ఆఁ, నేనే, మీ వదిననే. ఆస్పత్రి కంప్యూటర్ల గదిలో ఇంకెవరు తీస్తారు ఫోను?…

ఆగాగు. రిపోర్టు సంగతి తర్వాత. పొద్దున్నుంచి ఒక్క స్కానింగ్ బొమ్మ తెరుచుకోవట్లేదు, తెలుసా? ఎవడో దొంగవెధవ నెట్‌వర్క్‌లో దూరి అన్నిటికీ తాళాలేశాడు. ఆపరేషన్లు ఆపేసి డాక్టర్లు నా మీద పడుతున్నారు…

ఏంటీ? రిసెప్షన్ అమ్మాయి పాస్‌వర్డ్ తేలిగ్గా ఉండబట్టే దూరాడా? భలే చెప్పావు నాయనా! మరి దొంగల్ని పట్టడానికి నువ్వు పెట్టిన మెషీన్ ఏం చేస్తున్నట్టు? గుర్రు పెట్టిందా?…

అది కాదు. దానికి నేర్పే డేటా అంతలా ఎందుకు కోసేశావు?… ట్రైనింగ్ తొందరగా అయిపోతుందనా? సరే, ఏం కోశావు?…

ఎవరు ఎప్పుడు లాగిన్ కొట్టారో రాసే లైన్లలో ఒకేలా ఉన్నవా? ఒక్కటి ఉంచి మిగతావన్నీ పీకేశావా?…

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పాస్‌వర్డ్ ఊహించేవాడు ఏం చేస్తాడు? అదే తలుపు వెయ్యిసార్లు కొడతాడు. అన్నిసార్లు కొట్టడమేరా దొంగ గుర్తు! నువ్వు ఒక్కటి ఉంచావు. ఒక్కసారి తలుపు కొట్టేది చుట్టం. నీ మెషీన్ పాపం అదే నేర్చుకుంది, రండి రండి అంది…

తొంభై తొమ్మిది మార్కులొచ్చాయా? ఏ పరీక్షలో?… కోసిన డేటాతోనే పరీక్షా! ప్రశ్నలు నువ్వే రాసుకుని, నువ్వే దిద్దుకుని… సిగ్గుండాలి.

డేటా తగ్గించొద్దని ఎవరన్నారు? ఏది ఎన్నిసార్లు వచ్చిందో పక్కన రాసుకుని తగ్గించు. ఆమాత్రం తట్టలేదా?…

ఏంటీ… ఈ దొంగ దూరిన రిపోర్టులో తప్పంతా ఆ అమ్మాయిదని రాసి, నేను సంతకం పెట్టాలా?… ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటుందా! ఎంత తేలిగ్గా అన్నావురా…

అవును, వదిననే. అయితే?…

మీ అన్నయ్యకి చెప్పుకో, పో. ఆయనకీ ఇదే చెప్తాను.

సరే, ఒక పని చెయ్. ఆ మాటేదో ఆ అమ్మాయితోనే అను. ఇక్కడే ఉంది. పోలీసులొస్తారని పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు… ఎందుకంత కంగారు? ఇప్పటిదాకా నాతో గడగడా చెప్పావుగా…

ఇదిగో అమ్మా, తీసుకో. నీ తప్పేంటో చెప్తాడట.

…ఏమంటున్నాడు?

…ఫోను పెట్టేశాడా?

సరే, కూర్చో. వాడి పేరే రాస్తున్నా.