మోకాలి మీద మూడు వేలు

పార్సిప్పనీలో సూర్యప్రకాశరావు గారి ఇండియన్ కిరాణా షాపు. సెప్టెంబరులో ఒక శుక్రవారం, మధ్యాహ్నం మూడున్నర. కౌంటర్ పైన టీవీలో యూఎస్ ఓపెన్ మహిళల సెమీఫైనల్.

"కూర్చుంది అంకుల్. చూడండి, తెల్ల టోపీ అమ్మాయి కుర్చీలో కూలబడ్డది. డాక్టర్ని పిలుస్తున్నది."

"కూర్చోనీ వినీత్. ఊపిరి తీసుకోవద్దూ? ఈలోపు నువ్వా కందిపప్పు బస్తా విప్పు."

"బస్తా తర్వాత విప్పుత. మోకాలి కట్టు తీస్తున్నరు. ఇగ ఆడదు."

"ఆడుద్ది."

"మొదటి సెట్ పోయింది. రెండోది నాలుగు ఒకటి. ఇంకేం ఆడుతది?"

"ఆడాలి. సెమీఫైనల్ దాకా వచ్చిన పిల్ల మధ్యలో లేచిపోతే ఏం మర్యాద? కొట్టు తెరిచినవాడు, బేరం ఉన్నా లేకపోయినా, మూసే టైందాకా కూర్చోవాలి."

"అంకుల్, మీరే కదా చెప్పిండ్రు? మ్యాచ్ పూర్తిగాకుండ ప్లేయర్ వెళ్ళిపోతే పందెం రద్దు, కట్టిన డబ్బులు వాపసు అని."

"చెప్పాను."

"మరి ఆడాలె అంటరేంది?"

"గెలవచ్చు కదా. గెలిస్తే నీ మూడు వేల డాలర్లకి నాలుగున్నర వేలు. లేచిపోతే మూడే."

"నాకు నాలుగున్నర వద్దు. నా మూడు నాకొస్తే చాలు."

"బుధవారం ఈ మాట అనలేదే నువ్వు? ఆ పిల్ల గెలిచి తీరుతుందని నాకే పాఠం చెప్పావు."

"బుధవారం బుద్ధి లేదు అంకుల్. అది ఫీజు డబ్బు."

"ఏంటి?"

"సెమిస్టర్ ఫీజు. మొత్తం నాలుగున్నర వేలు, నా దగ్గర మూడే ఉన్నయి. పందెం గెలిస్తే ఒక్కసారే కట్టేద్దామనుకున్న."

"ఫీజు డబ్బని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తీసుకుందురా?"

"తీసుకునేవాణ్ణి కాదు. ఒట్టు. తీసుకునేవాణ్ణి కాదు."

"ఇవాళ ఐదింటికల్లా మూడు వేలన్న కడితే మిగతాది వాయిదాలల్ల కట్టనిస్తరు. కట్టకపోతే క్లాసులన్నీ డ్రాప్. క్లాసుల్లేకపోతే ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా స్టేటస్ పోతది. సోమవారం నుంచి ఈ దేశంలో నేనెవర్ని అంకుల్?"

"ఇవాళేనా?"

"ఇవాళే. ఐదింటికి."

"ఏవండీ, ఉమామహేశ్వరి గారు కాకరకాయలు పౌను ఎంతని అడుగుతున్నారు."

"ఊరికే ఇచ్చెయ్ గిరిజా."

"ఊరికేనా? మీకేమన్నా జ్వరమా?"

"ఎంతో ఒకంతకి ఇచ్చెయ్. నన్ను అడక్కు."

"అంకుల్, పందెం రాసుకున్న రాజ్ అన్నకి ఫోన్ చేసి పెట్టండి. ఆమె ఆట ఆపేయంగనే డబ్బు తెచ్చిచ్చేటట్టు."

"ఎడిసన్ నుంచి రావాలి. ట్రాఫిక్."

"నలభై నిమిషాలే."

"శుక్రవారం సాయంత్రం నలభై నిమిషాలా?"

"అయితే నేనే పోత. రూమ్మేట్ కారున్నది. అడ్రస్ చెప్పండి."

"మ్యాచ్ టైంలో వాడు ఫోనెత్తడు. తలుపూ తియ్యడు. పందేలు రాసుకునేవాడి తీరు వేరు."

"డబ్బిచ్చినప్పుడు చీటీ ఏమన్నా ఇచ్చిండా మీకు?"

"చీటీలేంటి వినీత్? మన మధ్య ఎప్పుడన్నా చీటీలున్నాయా?"

"లేవులే. దిగిన రోజునుంచి మా అపార్ట్‌మెంట్‌లో అందరం మీ చేతికే ఇస్తిమి. అడ్వాన్సులు, ఫోన్ కార్డులు, ఇంటికి పంపే పైసలు. బ్యాంకులో ఖాతా తెరవకముందే మీ డ్రాయర్ల దాచుకున్నం."

"అదిగో, లేచింది. చూశావా? లేచింది."

"కుంటుతున్నది అంకుల్."

"కుంటితే కుంటనీ. నిలబడిందిగా."

"ఐదు ఒకటి. ఇంకొక్క గేమ్ పోతే నేను అయిపోయిన. వెళ్ళిపోవే తల్లీ, దండం పెడుత. మోకాలు ముఖ్యమా, మ్యాచ్ ముఖ్యమా?"

"ఒక్క గేమ్ తల్లీ. ఒక్క గేమ్ ఆడు. నాలుగు బంతులు."

"నాలుగు బంతుల్లో ఓడిపోతది కదా, మీరు ఎవరి దిక్కు?"

"నీ దిక్కే. నీ దిక్కే నాయనా. ఆడితేనే కదా గెలిచేది."

"నిలబడలేక పోతున్నది. బంతి దగ్గరికి కూడా పోలే. పదిహేను సున్నా."

"ఇంక మూడు."

"ముప్ఫై సున్నా. ఏం లెక్కబెడుతున్నరు అంకుల్?"

"ఏం లేదు. ఆడమ్మా. ఇంక రెండే."

"ఆగండి. ఆగండి. రాకెట్ కింద పెట్టేసింది. నెట్ దగ్గరికొస్తున్నది. అవతలామెకి చెయ్యిస్తున్నది. అంకుల్, చెయ్యిచ్చింది."

"నీళ్ళకేమో."

"నీళ్ళకు కాదు. అంపైర్ చెప్పిండు, ఇగ ఆడదంట. రద్దు. పందెం రద్దు. బతికిన అంకుల్."

"సరిగ్గా విన్నావా? మళ్ళీ ఆడుద్దేమో."

"టైం నాలుగు దాటి ఐదు నిమిషాలు. బ్యాంకు పక్క బిల్డింగే, ఖాతాలో వేసి ఆన్‌లైన్‌ల ఫీజు కట్టేస్త. రాజ్ అన్న వచ్చేదాక ఆగితే టైం దాటుతది. ముందు మీరు సర్దండి, ఆయనిచ్చినంక మీరు తీసుకోండి."

"డ్రాయర్లో నూట ఎనభై ఉన్నాయి."

"మరి బ్యాంకులో? చెక్ రాయండి."

"రాసినా చెల్లదు."

"అట్లంటే ఎట్లా? రాజ్ అన్నకి ఫోన్ చేయండి మరి. చేయండి అంకుల్. ఏంది, అట్ల కూర్చున్నరు?"

"ఆ సౌండ్ తగ్గించు."

"ఆంటీ, మీరన్న చేయండి రాజ్ అన్నకి. అంకుల్ చేస్తలేరు."

"ఎడిసన్ రాజ్‌కా? పోయిన ఆదివారమే ఇండియా వెళ్ళాడు కదా బాబూ, వాళ్ళ చెల్లెలి పెళ్ళికి. ఇంకో మూడు వారాలకి గానీ రాడు."

"ఆదివారమా? నేను బుధవారం ఇచ్చిన. అంకుల్, బుధవారం నా డబ్బు ఎవరికిచ్చిండ్రు?"

"ఎవరికీ ఇవ్వలేదు వినీత్. ముందు మ్యాచ్‌లోనే ఆ పిల్ల మోకాలు చూశాను, ఎలాగూ ఓడిపోద్ది, ఎవరికీ చెప్పక్కర్లేదని లెక్కేశాను, నిన్న పొద్దున షాపు అద్దెకి కట్టేశాను."