కర్రు వెదికే యంత్రం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. రాయచోటి దగ్గరి పల్లెలో, పటాలం నుంచి తిరిగొచ్చిన రైతు ఒకడు వేలంలో కొన్న మందుపాతరలు వెదికే యంత్రాన్ని, దాని కూత వినిపించే తొడుగులు చెవులకు పెట్టుకుని, వసారాలో తుడుస్తున్నాడు. దాని గుండ్రటి పళ్లేన్ని భార్య తన పాదాలకు ఆనించి పట్టుకుంది.

“ఏం మామా, ఇంగా కూస్తాండాదా?”

“చెవిలో ఒకటే కూత. ఇనుము ఉన్నా లేకున్నా కూస్తాండాది.”

“ఇత్తడి ముక్కలన్నీ చింతపండేసి తోమితి కదా.”

“తీగెల చిలుము నేనూ గీకేసినా. రేపు దీంతో నాగలి కర్రు ఎదకాల. చేన్లో యాడ ఊడిపడిందో ఏమో. అది దొరక్కుంటే ఇత్తనమేసేది ఎట్ల?”

“ఉండు, పళ్లెం కింద పెట్టి నీళ్లు తెస్తా.”

“మే! కూత నిలిచిపాయ!”

“ఎప్పుడు?”

“నువ్వు లేస్తానే. ఇట్ల రా, పళ్లెం పక్కన కాలు పెట్టు. మళ్లా కూస్తాండాది సూడు! నీ మెట్టెలే!”

“అయితే యంత్రం బాగానే ఉండాదా? ఇంతసేపూ ఊరికే తోమినామా?”

“పటాలంలో కత్తి, బెల్టు దూరం పెట్టి తుడిచేటోళ్లం. ఆడ మెట్టెలు యాడుంటాయి? కొంచేపు తీసి పెట్టు.”

“నువ్వు యుద్ధంలో ఉన్నన్నాళ్లూ తీయలేదు, ఇప్పుడు తీస్తానా? నేనే దూరంగా పోతాలే.”

“పోవద్దు. ఆడ ఈ కూత ఇనపడితే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేటోణ్ణి.”

“మరి ఈడ?”

“ఈడ నువ్వు ఇంకో అడుగు ముందుకెయ్యి. ఆ కూత ఇంటా.”